రైల్లో సైకిల్: సికింద్రాబాద్ నుంచి నరసాపురం, అక్కణ్ణుంచి రాజోలు

వశిష్ఠ ఒడ్డు అడిగారు:

నమస్కారమండీ. సంక్రాంతి వెళ్లిన వారం రాజోలులో మా పదో తరగతి బ్యాచ్ వాళ్లం కలుసుకుంటున్నాం. నాకు 67 ఏళ్లు. రోజూ పొద్దున్న 25 కిలోమీటర్లు తొక్కే అలవాటుంది కాబట్టి రైలు దిగి ఊళ్లోకి సైకిల్ మీదే వెళ్లాలని, అక్కడున్నన్నాళ్లూ దాని మీదే తిరగాలని ఉంది. నాది హైబ్రిడ్ సైకిల్: అల్యూమినియం ఫ్రేము, 700 బై 38 టైర్లు, కేబుల్‌తో పనిచేసే డిస్క్ బ్రేకులు, రెండు చక్రాలకీ క్విక్ రిలీజ్, బరువు 13 కిలోలు. కుడి మోకాలు కాస్త మొరాయిస్తుంది, బీపీ మాత్ర వేసుకుంటాను. ఇంకేమీ ఇబ్బంది లేదు.

సైకిల్‌ని బోగీలో నాతోనే ఉంచుకోనిస్తారా, బ్రేక్‌వ్యాన్‌లో (సామాను వేసే పెట్టెలో) వేయాల్సిందేనా? విప్పి అట్టపెట్టెలో సర్దాలా, ఉన్నదున్నట్టు ఇచ్చేయొచ్చా? రాజమండ్రిలో దిగడం మేలా, నరసాపురం దాకా పోవడం మేలా? నరసాపురం నుంచి రేవు దాటాలా, చించినాడ వంతెన మీదుగా వెళ్లాలా? క్యాబ్ మాట్లాడుకోమనే సలహా ఇంట్లో ఇప్పటికే వచ్చింది, అదొక్కటి వదిలేయండి.

పార్సిల్ కిటికీ

ముందు స్టేషన్ సంగతి తేల్చుకోండి, మిగతావి దాన్నిబట్టే ఉంటాయి. నరసాపురం దాకా వెళ్లే రాత్రి బండే ఎక్కండి. అది చివరి స్టేషన్. బండి ఖాళీ అయ్యాక బ్రేక్‌వ్యాన్‌లో సామాను తాపీగా దింపుతారు. మధ్య స్టేషన్లలో ఆ తీరిక ఉండదు. ఒకటి రెండు నిమిషాలు మాత్రమే ఆగేచోట బ్రేక్‌వ్యాన్ తలుపు తీసి, అడుగున ఉన్న సైకిల్ వెతికి దింపడం జరిగే పని కాదు, బుకింగ్‌లోనే వద్దంటారు. పాలకొల్లులోనో తణుకులోనో దింపించుకుందామనే ఆలోచన ఉంటే మానుకోండి. రాజమండ్రి మీదుగా వెళ్లే బళ్లయితే అక్కడ కాసేపు ఆగుతాయి, దింపుతారు. కానీ అక్కణ్ణుంచి రాజోలు అంటే రావులపాలెం మీదుగా 70 కిలోమీటర్లకు తక్కువుండదు, అందులో కొంత జాతీయ రహదారి. మోకాలు బాగోలేనివాళ్లు రాత్రి ప్రయాణం చేసి మర్నాడు పొద్దున్న పెట్టుకోవాల్సిన దూరం కాదది.

ఇప్పుడు నిబంధన. స్లీపర్‌లోనూ థర్డ్ ఏసీలోనూ టికెట్‌తో పాటు 40 కిలోల సామాను ఉచితం, సెకండ్ ఏసీలో 50. ఆ లెక్కలో సైకిల్ చేరదు. స్కూటరూ సైకిలూ ఎంత తేలికైనా విడిగా డబ్బు కట్టి బ్రేక్‌వ్యాన్‌లో వేయాల్సిందే. దానికి రెండు దారులున్నాయి. లగేజీగా బుక్ చేస్తే మీ టికెట్ చూపించాలి, మీరెక్కే బండిలోనే వేస్తారు. పార్సిల్‌గా అయితే టికెట్ అక్కర్లేదు గానీ ఏ బండిలో చోటు దొరికితే దాన్లో వెళుతుంది. మీకు కావాల్సింది లగేజీ. కౌంటర్‌లో "సైకిల్ పంపాలి" అంటే పార్సిల్ ఫారం చేతిలో పెడతారు. "ఇదే బండికి నా టికెట్ మీద లగేజీ" అని విడమర్చి చెప్పండి.

సామాను బండి వేళకు అరగంట ముందు అప్పగించాలని రూలు. ఆ అరగంటను నమ్ముకోకండి. తూకం, మార్కింగ్, రసీదు, హమాలీ, ప్లాట్‌ఫారం మీదికి తోలడం, ఇవన్నీ కలిపి రెండు గంటలు వేసుకోండి. పండగ రోజుల్లో మూడు. టికెట్ కాపీ, ఆధార్ కాపీ రెండేసి ఉంచుకోండి. కొన్నిచోట్ల సైకిల్ కొన్న బిల్లు అడుగుతారు, ఉంటే ఫోన్లోనైనా పెట్టుకోండి. అట్టముక్క మీద పేరు, ఫోన్ నంబరు, ఎక్కించే స్టేషన్, దింపే స్టేషన్ చెరగని మార్కర్‌తో తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసి ఫ్రేముకి వైరుతో కట్టండి. అదే వివరం ఇంకో కాగితం మీద రాసి సీటు కింద అంటించండి. పైది ఊడినా ఇది ఉంటుంది.

టికెట్ మీద ఎక్కే స్టేషన్ పేరు చదువుకోవడం మర్చిపోవద్దు. ఈ మధ్య కొన్ని బళ్లు సికింద్రాబాద్ బదులు చర్లపల్లి నుంచి నడుస్తున్నాయి. సైకిల్ సికింద్రాబాద్ పార్సిల్ ఆఫీసులోనూ మీరు చర్లపల్లిలోనూ ఉంటే ఎవరూ ఏమీ చేయలేరు.

బెర్త్ గురించి కూడా రెండు ముక్కలు. వయోవృద్ధుల రాయితీ 2020 మార్చిలో ఆపేశారు. కింది బెర్త్ సౌకర్యం మాత్రం ఉంది: మగవాళ్లకు 60, ఆడవాళ్లకు 45 దాటితే, ఒకే టికెట్ మీద ఒకరో ఇద్దరో ఉంటే. ముగ్గురు నలుగురు మిత్రులు కలిసి ఒకే టికెట్ తీస్తే ఆ వీలు పోతుంది. రిజర్వేషన్ 2024 నవంబరు నుంచి 60 రోజుల ముందే తెరుస్తున్నారు. సంక్రాంతి సీజన్ కాబట్టి తెరిచిన పొద్దున్నే కూర్చోవాలి.

చైన్ లూబ్

ప్యాకింగ్ విషయంలో నాది కొంచెం వేరే మాట. అట్టపెట్టె వద్దు. విమానానికి పెట్టె కావాలి, బ్రేక్‌వ్యాన్‌కి అది నష్టం. పెట్టెను పడుకోబెడతారు, దాని మీద బియ్యం బస్తా వేస్తారు, లోపల ఏముందో ఎవడికీ కనబడదు. చక్రాలున్న సైకిల్ అయితే హమాలీ తోసుకుంటూ తీసుకెళ్లి గోడకి ఆనిస్తాడు. పైగా నరసాపురంలో ఆ పెట్టెను ఎక్కడ పెడతారు? తిరుగు ప్రయాణానికి ఇంకోటి ఎక్కడ తెస్తారు?

కాబట్టి చక్రాలు ఉంచేసి ఇలా చేయండి. పెడల్స్ రెండూ తీసేయండి, 15 మిల్లీమీటర్ల స్పానర్ సరిపోతుంది. కుడి పెడల్ మామూలు మరే, గడియారానికి ఎదురుగా తిప్పితే వస్తుంది. ఎడమది తిరగమర, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే ఊడుతుంది. చాలామంది దీన్ని తప్పు వైపు బిగించి బిగించి క్రాంకు మర పాడుచేస్తారు. ఇంట్లోనే ఒకసారి తీసి, మరకి గ్రీజు రాసి, మళ్లీ బిగించి పెట్టుకుంటే ప్రయాణం రోజు కష్టపడక్కర్లేదు.

తర్వాత హ్యాండిల్. స్టెమ్ (హ్యాండిల్‌ని ఫోర్కుకి కలిపే ముక్క) పక్కన ఉండే రెండు బోల్టులు వదులు చేసి హ్యాండిల్‌ని 90 డిగ్రీలు తిప్పి, ఫ్రేముతో సమానంగా వచ్చాక మళ్లీ బిగించండి. పైన మూతలా కనబడే బోల్టు జోలికి పోవద్దు. అది వదిలితే హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగులు) లూజు అయి మళ్లీ సర్దాల్సి వస్తుంది. తిప్పేటప్పుడు బ్రేక్ కేబుళ్లు లాగకుండా చూసుకోండి. సీటు పోస్ట్ ఎంత ఎత్తులో ఉందో టేపు చుట్టి గుర్తు పెట్టి, పూర్తిగా కిందికి దింపేయండి. మోకాలు నొప్పి ఉన్నవాళ్లకి ఆ టేపు గుర్తు చాలా ముఖ్యం. సీటు ఒక్క సెంటీమీటరు కిందికి ఉన్నా రాజోలు చేరేసరికి తేడా తెలిసిపోతుంది.

అసలు దెబ్బతినేది వెనక డిరైలర్, అంటే చైన్‌ని జరిపి గేరు మార్చే భాగం. సైకిల్ కుడివైపు పడితే దాన్ని పట్టుకునే హ్యాంగర్ లోపలికి వంగుతుంది. అది మెత్తటి అల్యూమినియం, ఫ్రేము బదులు అదే వంగాలని అలా చేస్తారు. వంగినట్టు కంటికి ఆనదు. ఎక్కేటప్పుడు పెద్ద పళ్లచక్రం మీదికి గేరు వేస్తే డిరైలర్ వెళ్లి ఊచల్లో ఇరుక్కుంటుంది, చక్రం, డిరైలర్ రెండూ పోతాయి. నివారణ: గేరును వెనక అన్నిటికన్నా పెద్ద పళ్లచక్రం మీద ఉంచితే డిరైలర్ లోపలికి ముడుచుకుంటుంది. ఇంకా జాగ్రత్త కావాలంటే 5 మిల్లీమీటర్ల అలెన్ కీతో డిరైలర్ విప్పి, గుడ్డ చుట్టి, చైన్‌స్టే (చైన్ పక్కన వెనక చక్రం దాకా పోయే ఫ్రేము గొట్టం) లోపలివైపు కట్టేయండి. మీ ఫ్రేముకి సరిపోయే హ్యాంగర్ ఒకటి కొని వెంట ఉంచుకోండి. ఒక్కో ఫ్రేముకి ఒక్కో ఆకారం, కోనసీమలో అడిగితే దొరికేది కాదు.

డిస్కులకి రెండు వైపులా అట్టముక్కలు కట్టండి. మీది కేబుల్ బ్రేక్ కాబట్టి చక్రం విప్పినప్పుడు లీవర్ నొక్కినా గొడవలేదు. హైడ్రాలిక్ అయితే ప్యాడ్ల మధ్య ప్లాస్టిక్ బిళ్ల పెట్టకుండా చక్రం తీయకూడదు. ఫ్రేము గొట్టాలకి పాత ట్యూబు ముక్కలు చుట్టండి, దారం కన్నా నయం. సీటుకి పాలిథిన్ సంచి కట్టండి. డెల్టా బళ్లలో ఐసు పెట్టిన చేపల పెట్టెలు పక్కన పడితే ఆ నీళ్లు కారతాయి. లైట్లు, మీటరు, బాటిల్, పంపు, సీటు బ్యాగు అన్నీ మీ చేతిసంచిలోకి. ముందు చక్రాన్ని ఫ్రేముకి ట్యూబుతో కట్టండి గానీ తాళం వేయొద్దు. దొర్లని సైకిల్‌ని ఎత్తి విసురుతారు.

టైర్లలో గాలి తీయమని ఎవరైనా అంటారు. తీయకండి. గాలి లేకపోతే బరువు రిమ్ము మీద పడుతుంది.

మడత బండి

పై ఇద్దరూ చెప్పింది సరే గానీ 67 ఏళ్ల మనిషి రెండు గంటల ముందు పార్సిల్ ఆఫీసు చుట్టూ తిరగడం దేనికండీ? 20 అంగుళాల మడత సైకిల్ ఒకటి తెచ్చుకుని సంచిలో వేసి బోగీలోకి ఎక్కిస్తే పోయే.

పార్సిల్ కిటికీ

పోదు. బోగీలో అనుమతించే పెట్టె కొలత 100 బై 60 బై 25 సెంటీమీటర్లు. థర్డ్ ఏసీలో ఇంకా చిన్నది, 55 బై 45 బై 22.5. 20 అంగుళాల మడత సైకిల్ మడిచాక కూడా దాదాపు 80 బై 60 బై 40 ఉంటుంది. మందం దగ్గరే దొరికిపోతుంది. బెర్త్ కిందికి పోదు, దారిలో పెట్టాలి. ఖాళీ రోజుల్లో ఎవరూ పట్టించుకోకపోవచ్చు. సంక్రాంతి రోజుల్లో దారిలో సంచి పెడితే టీటీఈ కన్నా ముందు తోటి ప్రయాణికులే గొడవ పెడతారు. 16 అంగుళాల చక్రాల రకం అయితే సంచి చిన్నది, కొంత ఆశ ఉంది. కానీ ఈ ఒక్క ప్రయాణం కోసం కొనమని నేను చెప్పను.

వశిష్ఠ ఒడ్డు

చాలా థాంక్సండీ. నరసాపురం, బ్రేక్‌వ్యాన్, పెట్టె లేకుండా, ఈ మూడూ ఖాయం. ఒక్క అనుమానం. లగేజీగా బుక్ చేసినా ఆ బండిలో ఎక్కించకపోతే ఏం చేయాలి? నేను నరసాపురంలో దిగి సైకిల్ కోసం ఎదురు చూస్తూ కూర్చోలేను కదా.

పార్సిల్ కిటికీ

ఎందుకు ఎక్కించరో తెలిస్తే ఏం చేయాలో తెలుస్తుంది. బండికి ముందూ వెనకా ఉండే లగేజీ గదుల్లో కొన్నిటిని రైల్వే లీజుకిస్తుంది. వాటిలో కాంట్రాక్టరు సరుకే వెళ్లాలి. ప్రయాణికుల లగేజీకి మిగిలేది తక్కువ చోటు. పండగకి ముందు ఊళ్లకి మోటారుసైకిళ్లు పంపేవాళ్లు ఆ చోటంతా నింపేస్తారు. మీరు పండగ దాటాక వెళుతున్నారు కాబట్టి అటు వెళ్లే బండిలో రద్దీ తక్కువే. ఇబ్బంది తిరుగు ప్రయాణంలో. పల్లెల నుంచి హైదరాబాద్ వచ్చే బళ్లన్నీ ఆ రెండు వారాలు కిక్కిరిసి ఉంటాయి.

ప్రయాణానికి రెండు మూడు రోజుల ముందు పార్సిల్ ఆఫీసుకి స్వయంగా వెళ్లి ఫలానా తేదీ, ఫలానా బండికి చోటుందా అని అడగండి. బుక్ చేశాక రసీదు తీసుకుని ఇంటికో వెయిటింగ్ హాలుకో వెళ్లిపోకుండా, సైకిల్ ఏ చివరి పెట్టెలో ఎక్కిస్తున్నారో ప్లాట్‌ఫారం మీద నిలబడి చూడండి. ఎక్కాక ఫోటో తీసుకోండి. ఎక్కించకపోతే అక్కడికక్కడే పార్సిల్ సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్లి తర్వాతి బండికి వేసేలా రసీదు మీద రాయించుకోండి. అప్పుడు నరసాపురంలో ఆగక్కర్లేదు. రాజోలు బస్సో ఆటోనో ఎక్కి వెళ్లిపోయి, చేరిందని తెలిశాక రసీదుతో వచ్చి తీసుకోండి. వేరేవాళ్లని పంపాలంటే అసలు రసీదు వెనక మీ సంతకంతో అధికారపత్రం, ఆధార్ కాపీ ఇచ్చి పంపాలి. గడువు దాటి ఉంచితే వార్ఫేజ్ (సామాను తీసుకోనందుకు వేసే రుసుము) పడుతుంది, గంటల లెక్కన పెరుగుతుంది.

దిగాక బండి చివర దాకా నడవాల్సి రావచ్చు. పాత అలవాటుకొద్దీ అందరూ గార్డు అంటారు గానీ 2022 నుంచి ఆ ఉద్యోగం పేరు ట్రైన్ మేనేజర్. సామాను ఆయన చేతికివ్వడు, పార్సిల్ క్లర్క్ దగ్గర రసీదు ఇస్తేనే ఇస్తారు. ఆయనతో వాదన పెట్టుకోవద్దు.

లంక గాలి

దారి నేను చెబుతానండి, మాది ఆ పక్కే.

రేవు దాటితే దూరం తక్కువ. నరసాపురం రేవులో పంటు (బళ్లు కూడా ఎక్కించే పెద్ద పడవ) ఎక్కి సఖినేటిపల్లిలో దిగి, మలికిపురం మీదుగా రాజోలు 20 కిలోమీటర్ల చిల్లర. వంతెన మీదుగా అయితే ముందు పాలకొల్లు వైపు పోయి, చించినాడ దగ్గర వశిష్ఠ (గోదావరి పాయ) దాటి, దిండి, శివకోడు మీదుగా 30 దాకా అవుతుంది, అందులో ఎక్కువ భాగం 216 హైవే. మీలాంటివాళ్లకి రేవే మేలు. ఒక్క షరతు: చీకటిపడ్డాక కాదు, దట్టంగా మంచు పడుతున్నప్పుడు కాదు. జనవరిలో పొద్దున్న గోదారి మీద మంచు తేరుకునేదాకా పంటు కదలకపోవచ్చు. తొందరపడి ఏం లాభం, రేవులో టీ తాగి ఉండండి.

పంటు ఎక్కేచోట ర్యాంపు తడిగా, ఒండ్రు మట్టితో ఉంటుంది. నీళ్లు తగ్గినప్పుడు వాలు ఎక్కువ. సైకిల్ దిగి, మీరు ఎగువ వైపు ఉండి, రెండు బ్రేకులూ పట్టుకుని నడిపించండి. కార్లు, మోటారుసైకిళ్లు ఎక్కాక ఆఖరున ఎక్కితే అంచున ఉంటారు, దిగేటప్పుడు ముందు దిగొచ్చు. స్టాండు వేసి వదిలేయకండి, ఇంజను అదురుకి పడిపోతుంది. చిల్లర ఉంచుకోండి.

ఇక డెల్టాలో గుట్టలు లేవు, ఎక్కుడు లేదు అనుకుని వస్తారు అందరూ. ఇక్కడ ఎక్కుడంటే గాలే. మధ్యాహ్నం దాటాక సముద్రం వైపు నుంచి తిరగబడుతుంది, కొబ్బరితోటల మధ్య తెలీదు గానీ చేల మీదికి, గట్టు మీదికి వచ్చేసరికి ఎదురుకొడుతుంది. దూరం వెళ్లే రోజు పొద్దున్నే అంతర్వేది వైపు పోయి, ఎండెక్కాక గాలి వీపున పెట్టుకుని వెనక్కి రండి. తిరగేసి పెట్టుకుంటే మోకాలు చెబుతుంది. వంతెనల అప్రోచ్‌లు కూడా ఎక్కుడే. చించినాడ గానీ, పాశర్లపూడి–బోడసకుర్రు మధ్య వైనతేయ మీది వంతెన గానీ, కింద నుంచే చిన్న గేరు వేసుకుని ఎక్కండి, మధ్యలో మార్చొద్దు.

జనవరిలో రోడ్ల మీద మూడు ఉంటాయి. దాళ్వా (రెండో పంట వరి) దమ్ము ట్రాక్టర్లు కేజ్‌వీల్స్‌తో (ఇనప చక్రాలతో) చేలోంచి పైకొచ్చి వదిలే బురద గడ్డలు: ఎండితే గతుకు, తడిస్తే జారుడు. రొయ్యల, చేపల లారీల నుంచి కారే నీళ్లు: తారు మీద నల్లగా మెరుస్తుంటే దాని మీద బ్రేకు వేయొద్దు, వంపు తిరగొద్దు. ఉప్పునీళ్లు తగిలితే ఆ సాయంత్రమే చైన్ తుడిచి నూనె వేయండి, లేకపోతే తెల్లారేసరికి ఎర్రగా తుప్పు. మూడోది పండగ జనం. కనుమ వెళ్లాక కూడా పందేల బరుల దగ్గర, తీర్థాల దగ్గర కార్లు రోడ్డు మీదే ఆపేసి ఉంటాయి, తలుపులు చూసుకోకుండా తీస్తారు. తాగి నడిపేవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. చీకటి పడ్డాక సైకిల్ ఇంట్లో పెట్టేయండి.

కాలువ గట్ల మీద రోడ్డు చాలాచోట్ల బాగుంటుంది, నీడ ఉంటుంది, లారీలు తక్కువ. కానీ గోడ ఉండదు. ఎదురుగా ఆటో వస్తే కాలువ వైపు తప్పుకోకండి, ఆగి దిగండి. గట్టు అంచు మట్టి మెత్తగా జారుతుంది.

చైన్ లూబ్

లంక గాలి గారు చెప్పినదానికి తోడు, పంక్చర్ల సంగతి. ఆ వైపు ప్రతి ఊళ్లోనూ సైకిల్ షాపు ఉంటుంది, కానీ అక్కడ నడిచేది 28 అంగుళాల పాత నల్ల సైకిల్ సరుకు. 28 బై ఒకటిన్నర టైరు మీ 700 రిమ్ముకి కూర్చోదు. 700 బై 35–43 ట్యూబులు రెండు, ప్యాచ్ కిట్, టైరు లీవర్లు, చిన్న పంపు మీవే ఉండాలి. మీ వాల్వు సన్నగా, చివర చిన్న నట్టుతో ఉంటే అది ప్రెస్టా. షాపు పంపు, బంకులో గాలి రెండూ పట్టవు. ఇత్తడి అడాప్టర్ రెండు కొనండి, ఒకటి పోతుంది. వెనక 55, ముందు 50 పీఎస్‌ఐ చాలు. హైదరాబాద్ రోడ్లకి కొట్టినట్టు 70 కొడితే సిమెంటు రోడ్డు అతుకుల మీద నడుము, మణికట్లు అదిరిపోతాయి.

నరసాపురం ప్లాట్‌ఫారం మీద బిగించుకున్నాక ఎక్కేముందు ఇవి చూడండి. ఫోర్కు వెనక్కి తిరిగి ఉందేమో. నవ్వొద్దు, అన్నిటికన్నా ఎక్కువ జరిగేది ఇదే: హ్యాండిల్ తిప్పి బిగించేటప్పుడు చక్రం 180 డిగ్రీలు తిరిగిపోయి ఉంటుంది, కేబుల్ మెలిపడుతుంది. ముందు చక్రాన్ని మోకాళ్ల మధ్య పట్టుకుని హ్యాండిల్ తిప్పితే జారకూడదు. రెండు క్విక్ రిలీజ్ లీవర్లూ అరచేతిలో గుర్తు పడేంత గట్టిగా మూసుకోవాలి. చక్రాలు తిప్పి డిస్కు రాసుకుంటుందేమో వినండి. వెనక పెద్ద పళ్లచక్రం మీదికి గేరు వేసి, చేత్తో నెమ్మదిగా పెడల్ తిప్పుతూ డిరైలర్ ఊచలకి ఎంత దూరంలో ఉందో చూడండి. తగిలేలా ఉంటే ఆ గేరు వాడకుండానే రాజోలు చేరండి, డెల్టాలో దానితో పనిలేదు.

పసుపు జెండా

మందుల సంగతి ఎవరూ అనలేదు. బీపీ మాత్రల్లో నీరు తీసే రకం ఉంటే రైల్లో రాత్రి నీళ్లు తగ్గించి తాగి, పొద్దున్న మాత్ర వేసుకుని వెంటనే తొక్కితే కళ్లు తిరిగే ప్రమాదం ఉంది. బయల్దేరేముందు డాక్టర్నే అడగండి, మీ అంతట మీరు మాత్ర మానొద్దు. దిగాక టిఫిను, నీళ్లు, అరగంట నడక, ఆ తర్వాతే సీటెక్కండి. మోకాలికి తేలిక గేరులో నిమిషానికి 75–80 చుట్లు తిప్పడం, బరువు గేరులో 50 తొక్కడం కన్నా మంచిది. సామాను వీపు మీద కాకుండా క్యారియర్ మీద కట్టండి.

వశిష్ఠ ఒడ్డు

అన్నీ రాసుకున్నాను. తిరుగు టికెట్ ఇంకా తీయలేదు. పండగ తర్వాత రద్దీ అన్నారు కదా, సైకిల్ అక్కడే మా స్నేహితుడి ఇంట్లో వదిలేసి తర్వాత పార్సిల్ చేయించుకుంటే?

పార్సిల్ కిటికీ

అదే నయం. ఫిబ్రవరి మొదటి వారానికి చోటు తేలిగ్గా దొరుకుతుంది. మీ స్నేహితుడు నరసాపురం వచ్చి పార్సిల్‌గా వేయాలి, దించుకునే స్టేషన్ సికింద్రాబాద్ అని, తీసుకునేవారిగా మీ పేరు అని రాయించాలి. రసీదు అసలు కాపీ మీకు కొరియర్‌లో పంపాలి, ఫోటో చూపిస్తే ఇవ్వరు. పెడల్స్, 15 స్పానర్, అట్టముక్కలు, టేపు, ట్యూబు ముక్కలు ఒక సంచిలో వేసి ఆయనకే ఇచ్చి రండి. ఎడమ పెడల్ ఎటు తిప్పాలో కూడా చెప్పండి.